అద్దం మీద బొటనవేలు

మిరప కల్లాల రోజుల్లో మా నాదెండ్ల పొలాల్లో రాత్రిపూట అక్కడక్కడా మిణుకుమిణుకుమని వెలుగులు కనిపిస్తాయి. ఎండబోసిన కాయకి కాపలా పడుకున్న కుర్రాళ్ళ సెల్‌ఫోన్లవి. ఒకప్పుడు ఆ చోట చుట్ట నిప్పో, ట్రాన్సిస్టర్‌లో పాటో ఉండేది. పోయిన సీజన్లో ఒక రాత్రి మా అక్క కొడుకు పక్కన పట్టా మీద కూర్చుని, వాడు ఫోనులో బీజీఎంఐ అనే కాల్పుల ఆట ఆడుతుంటే గంటసేపు చూశాను. ఫోను అడ్డంగా పట్టుకున్నాడు. బొటనవేళ్ళు రెండూ అద్దం కింది మూలల్లో ఉన్నాయి. చూపుడువేళ్ళు రెండూ కొంకి తిరిగి పై అంచు మీద వాలాయి. ఒక వేలు మనిషిని నడిపిస్తోంది, ఒకటి చూపు తిప్పుతోంది, ఒకటి గురి పెడుతోంది, ఒకటి కాలుస్తోంది. దిండు పక్కన పౌడరు డబ్బా. ఆటకీ ఆటకీ మధ్య కాస్త పౌడరు తీసి వేళ్ళ కొసలకి రాసుకుంటున్నాడు.

“అదెందుకురా?”

“చెమటకి వేలు పట్టుద్ది మావయ్యా. జారాల్సిన చోట పట్టిందంటే గురి పోయినట్టే.”

“బొత్తాలు చూసుకుంటూ నొక్కుతున్నావా?”

“చూస్తే చచ్చిపోతాం. వేలికి తెలుసు.”

అంతలో వాళ్ళమ్మ ఫోను చేసింది, అన్నం తిన్నావా అని. కాల్ పట్టీ తెర మీదికి దిగిన ఆ రెండు క్షణాల్లో వీడు ఆటలో చచ్చిపోయాడు. ఫోను పక్కన పడేసి, అప్పుడు చుట్టూ చూశాడు. చలి తెలిసింది, దోమ తెలిసింది. గంట నుంచీ అవేవీ తెలియలేదు వాడికి.

ఫోను తెర మీద ఆడితే ఆటలో లీనం కాగలమా లేదా, బొత్తాలున్న కంట్రోలర్ లేకపోతే ఆట పలచబడిపోతుందా అనే వాదన పదిహేనేళ్ళుగా నడుస్తోంది. కంట్రోలర్‌తో పెరిగినవాళ్ళు అద్దాన్ని ఈసడిస్తారు. ఫోనుతో పెరిగినవాళ్ళకి ఆ ఈసడింపు అర్థం కాదు. ఇరువైపుల వాదనలూ, జరిగిన పరిశోధనలూ, మా ఊరి చేతుల అనుభవమూ కలిపి చూస్తే నాకు తోచింది చెప్పాలని ఈ వ్యాసం.

ముందు లీనం కావడమంటే ఏమిటో చూద్దాం. మనకి దానికి చక్కని మాట ఉంది: ఒళ్ళు మరచిపోవడం. అమెరికాలో జానెట్ మర్రీ 1997లో రాసిన పుస్తకంలో దీన్ని నీళ్ళలో మునగడంతో పోల్చింది. చుట్టూ ఉన్న గాలి పోయి ఇంకో పదార్థం మనల్ని చుట్టేసినట్టుంటుందనీ, అందులో ఈదడం కూడా నేర్చుకోవాలనీ ఆమె అన్నది. సాగర్ కుడికాలవలో ఈత నేర్చిన వాళ్ళకి ఆ రెండో మాట బాగా తెలుస్తుంది. చేతులూ కాళ్ళూ ఎలా ఆడించాలో ఆలోచిస్తున్నంతసేపు కాలవ కనపడదు, భయమే కనపడుతుంది. 2004లో బ్రిటన్‌కి చెందిన ఎమిలీ బ్రౌన్, పాల్ కెయిర్న్స్ ఆటగాళ్ళతో మాట్లాడి ఈ మునకకి మూడు మెట్లున్నాయన్నారు. మొదటిది ఆటలో దిగడం, రెండోది అందులో పడిపోవడం, మూడోది పూర్తిగా మునిగిపోవడం. మొదటి మెట్టు దగ్గరే అడ్డుపడే వాటిలో ఆట నడిపే సాధనం ఒకటి. రెండో మెట్టుకి వచ్చేసరికి ఆ సాధనం కనిపించకుండా పోవాలి. మా మేనల్లుడు “వేలికి తెలుసు” అన్నది ఈ సంగతే. అంటే అద్దమా, బొత్తామా అనే దానికంటే ముందు, చేతిలో ఉన్నది ఎప్పుడు కనిపించడం మానేస్తుంది అని అడగాలి.

బొత్తానికి ఆ గుణం పుట్టుకతోనే ఉంది. మా చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళలో, ప్రభల మెరుపుల కింద, ప్లాస్టిక్ బొమ్మల వరసలో ఇటుకల ఆట మిషను ఒకటి దొరికేది. నలుపూ తెలుపూ గళ్ళ తెర, నాలుగైదు రబ్బరు బొత్తాలు, వెనక రెండు పెన్సిల్ బ్యాటరీలు. మా నాన్న చేత అది కొనిపించడానికి నేను తిరునాళ్ళంతా ఏడ్చాను. వారం తిరిగేసరికి దుప్పట్లో పెట్టుకుని, బొత్తాల వైపు చూడకుండా ఆడేవాణ్ణి. తర్వాత నోకియా ఫోన్లు వచ్చాయి. 1997 చివర్లో 6110తో వచ్చిన పాము ఆట మా ఊరికి చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది గానీ, చేరాక ఎరువుల కొట్టు ముందు బెంచీ మీద ఎవరి చేతిలో చూసినా అదే. ఆ ఫోన్లలో 5 అంకె మీట మీద చిన్న బొడిపె ఉండేది. వేలు దాని మీద ఆనిందంటే 2, 4, 6, 8 ఎక్కడున్నాయో చెప్పక్కర్లేదు. ఇలాంటి ఆలోచనతోనే ఇంకా ముందు, 1982లో, నింటెండో చేతి ఆట డాంకీ కాంగ్ కోసం గున్‌పే యొకోయి ప్లస్ గుర్తు ఆకారంలో మీట తయారుచేశాడు. ఒకే బొటనవేలు ఎత్తకుండా నాలుగు దిక్కులూ. ఆ మీటే కాస్త కాస్త మారుతూ ఇవాళ్టి కంట్రోలర్ల దాకా వచ్చింది.

బొత్తాంలో గొప్పతనం నొక్కడంలో ఉందనుకుంటాం. కాదు, నొక్కకుండా వేలు ఆనించి ఉంచగలగడంలో ఉంది. వేలు బొత్తాం మీద విశ్రాంతిగా ఉంటుంది, కావలసిన క్షణాన దిగుతుంది. దిగినట్టు టక్కున చెబుతుంది. అద్దానికి ఆ తేడా లేదు. ఆనితే నొక్కినట్టే. కాబట్టి ఫోను మీద ఆడేవాడి వేళ్ళు ఎప్పుడూ గాలిలో, అద్దానికి వెంట్రుకవాసి పైన, పట్టుతప్పకుండా నిలబడి ఉండాలి. గంట ఆడాక మణికట్టు లాగేది అందుకే.

2007లో ఐఫోన్ వచ్చి, మరుసటి ఏడు దాని యాప్ కొట్టు తెరుచుకున్నాక, ఆటలు చేసేవాళ్ళు మొదట చేసిన పని పాత కంట్రోలర్ బొమ్మని అద్దం మీద గీయడం. ఎడమ మూలన ఓ గుండ్రం, కుడి మూలన మూడు నాలుగు బొత్తాలు. పటంలో లడ్డూ లాంటివవి: కంటికి ఉంటాయి, చేతికి ఉండవు. 2010లో కెనడాలో జమాన్, నటపోవ్, టీథర్ అనే ముగ్గురు ఒకే ఆటని, అసాసిన్స్ క్రీడ్ వరుసలో ఒకదాన్ని, నింటెండో డీఎస్ మీదా ఐఫోన్ మీదా ఆడించి చూశారు. అద్దం మీద ఆడినవాళ్ళు ఎక్కువసార్లు చచ్చారు, ఎక్కువసేపు తీసుకున్నారు. ఇది చాలామంది అనుభవమే. బొటనవేలు ఆటలో పడి అరంగుళం పక్కకి జరుగుతుంది. దూకాల్సినవాడు నిలబడిపోతాడు. అప్పుడు కిందికి చూస్తాం. చూశామంటే నీళ్ళలోంచి తల బయటికి వచ్చినట్టే.

జాప్యం ఇంకో చిక్కు. వేలు కదిలాక తెర మీద బొమ్మ కదలడానికి పట్టే సమయం అది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2012లో అప్పటి మామూలు తెరల జాప్యం సుమారు 100 మిల్లీసెకన్లని చెప్పి, దాన్ని 1 మిల్లీసెకనుకి తగ్గించిన నమూనాని పక్కనే పెట్టి చూపించారు. మొదటి దాంట్లో గీత వేలి వెనక తాడు కట్టి లాగినట్టు వస్తుంది. రెండో దాంట్లో వేలికే అతుక్కుని ఉంటుంది. తర్వాత ఫోన్లు బాగా మెరుగుపడ్డాయి. అయినా చవక ఫోన్లో ఆ తాడు ఇంకా కాస్త కనిపిస్తూనే ఉంటుంది.

అన్నింటికంటే పెద్ద ఇబ్బంది చెయ్యే తెరని కప్పేయడం. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. ఆడించేవాడి చేతులు తెర వెనక ఉంటాయి. బొమ్మ తెరకి ఆనుకుని ఉంటుంది, దీపం వెనక నుంచి పడుతుంది. చూసేవాడికి హనుమంతుడే కనిపిస్తాడు గానీ పుల్ల పట్టిన చెయ్యి కనిపించదు. ఫోనులో మనమే ఆడిస్తాం, మనమే చూస్తాం, మన చెయ్యి మాత్రం తెర ముందు ఉంటుంది. ఆరంగుళాల తెరలో రెండు బొటనవేళ్ళు ఎంత మేర కప్పుతాయో ఒకసారి పెట్టి చూసుకోండి. పొంచి ఉన్న శత్రువు సరిగ్గా ఆ బొటనవేలి కిందే ఉంటాడు. ఈ చిక్కుకి విరుగుడు వెతికినవాళ్ళు చివరికి తోలుబొమ్మలవాడి ఉపాయం దగ్గరికే వచ్చారు. 2009లో పాట్రిక్ బౌడిష్, జెర్రీ చూ పరికరం వెనకవైపు తాకి నడిపితే తెర ఎంత చిన్నదైనా పనిచేస్తుందని చూపించారు. 2011 చివర్లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ వీటాకి ముందు తాకే తెర, వెనక తాకే పలక రెండూ పెట్టారు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. వెనక చేతులు అనే ఆలోచన అలా ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంతవరకూ చదివితే అద్దం ఓడిపోయినట్టే అనిపిస్తుంది. ఇప్పుడు రెండో వైపు చూడాలి.

2009 డిసెంబరులో ఫిన్లాండ్ వాళ్ళు యాంగ్రీ బర్డ్స్ తెచ్చారు. దానికి గీసిన బొత్తాలు లేవు. పిట్టని వేలితో పట్టుకుని వెనక్కి లాగి వదలడమే. ఉండేలుతో చింతకాయలు కొట్టిన పిల్లాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. రబ్బరు బిగువు వేలికి తెలియదు, నిజమే. కానీ లాగినకొద్దీ సాగే బొమ్మా, సాగే చప్పుడూ ఆ లోటుని చాలావరకు పూడ్చేస్తాయి. మరుసటి ఏడు ఫ్రూట్ నింజా వచ్చింది. గాల్లో పండు, అద్దం మీద వేలు గీత, పండు రెండు చెక్కలు. ఇదే ఆటని బొత్తాలతో ఊహించుకోండి, ప్రాణం పోతుంది. టెంపుల్ రన్, సబ్‌వే సర్ఫర్స్ వచ్చాక పక్కకి తోస్తే పక్కకి, పైకి తోస్తే పైకి. తెర మీద ఏ మూల తోసినా ఒకటే, కాబట్టి వేలు ఎక్కడుందో చూసుకునే పనే లేదు. అద్దానికి ఉన్న లోపాన్ని దాచడం కాదిది. ఆ లోపానికి ఆటలో చోటే లేకుండా చేయడం.

ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఒప్పించినవాళ్ళు నింటెండో వాళ్ళే. ప్లస్ మీటని లోకానికిచ్చిన కంపెనీ అది. 2016 డిసెంబరులో మారియోని మొదటిసారి పరుగు ఆటగా ఐఫోన్‌కి తెచ్చినప్పుడు, ఆ మీట బొమ్మ గీయలేదు. మారియో తనంతట తనే పరుగెడతాడు, మనం తాకితే దూకుతాడు. ఎక్కువసేపు తాకి ఉంచితే ఎక్కువ ఎత్తు. మీట విలువ తెలిసినవాళ్ళు కాబట్టే దాని బొమ్మతో సరిపెట్టుకోలేదని నా నమ్మకం.

పరిశోధనలు కూడా ఇటే మొగ్గుతున్నాయి. 2011లో పాల్ స్కాల్‌స్కీ బృందం చేసిన అధ్యయనంలో కారు ఆటని స్టీరింగ్ చక్రంతో ఆడినవాళ్ళకి మిగతా సాధనాలతో ఆడినవాళ్ళకంటే అది సహజంగా తోచింది. నిజంగా అక్కడే ఉన్న భావన ఆ సహజత్వాన్ని అంటిపెట్టుకుని వచ్చింది. 2014లో కెయిర్న్స్ బృందం మొబైల్ ఆటల మీదే పని చేసింది. ఫోను వంచి ఆడడం, తాకి ఆడడం పోల్చి చూసి, చేతి కదలికకీ ఆటలో జరిగేదానికీ పొత్తు ఎంత సహజంగా కుదిరితే లీనత అంత పెరుగుతుందని తేల్చింది. చేతి కదలిక, తెర మీది కదలిక ఒకటిగా ఉండాలి. కుదిరితే అద్దం బొత్తాంకంటే దగ్గర, ఎందుకంటే మధ్యలో ఇంకే వస్తువూ లేదు. కుదరకపోతే అద్దం కంటే దూరమైనది లేదు.

నా తీర్పు ఇక్కడే చెప్పేస్తాను. తెర లీనతని చెడగొట్టదు. తెర మీద గీసిన దొంగ బొత్తాం చెడగొడుతుంది.

కానీ అలా అనేస్తే కల్లం దగ్గర కుర్రాడికి సమాధానం చెప్పాలి. వాడు ఆడేది గీసిన బొత్తాల ఆటే. తెర నిండా అవే. అయినా వాడికి చలి తెలియలేదు కదా!

దీనికి జవాబు కొంత ఆట చేసినవాళ్ళ దగ్గర, ఎక్కువ మావాడి వేళ్ళ దగ్గర ఉంది. ఇలాంటి ఆటల్లో నడిపే గుండ్రాన్ని వేలు ఎక్కడ ఆనితే అక్కడే మొలిచేలా చేసుకోవచ్చు. వేలు బొత్తాన్ని వెతకదు, బొత్తామే వేలి కిందికి వస్తుంది. ప్రతి బొత్తాన్నీ ఎక్కడికైనా జరుపుకోవచ్చు, పెద్దది చిన్నది చేసుకోవచ్చు. ఫోనులోని జైరోస్కోప్ వల్ల చేతులు కాస్త వంచితే గురి కదులుతుంది, అంటే వేలి పని మణికట్టుకి పంచారు. పబ్జీ మొబైల్ 2018 మార్చిలో వచ్చింది. జియో వచ్చి అప్పటికి ఏడాదిన్నర, డేటా నీళ్ళలా పారుతోంది. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించింది, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది, 2022 జులైలో మళ్ళీ ఆగింది, 2023 మేలో మళ్ళీ మొదలైంది. ఆగిన ప్రతిసారీ మావాడు వేరే ఆటకి వెళ్ళాడు, తిరిగి వచ్చిన ప్రతిసారీ తన బొత్తాల అమరికని అణువణువూ అలాగే పెట్టుకున్నాడు. ఆ అమరిక వాడికి నాగలి మేడి లాంటిది. ఇంకొకడి చేతికి పట్టదు.

కాబట్టి దొంగ బొత్తాం కూడా కనుమరుగవుతుంది, అయితే దానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళు పెట్టలేని వాళ్ళు మొదటి మెట్టు మీదే ఆగిపోతారు. నేను అలా ఆగిన వాణ్ణే. ఆ రాత్రి వాడి ఫోను తీసుకుని పది నిమిషాలు ఆడాను. ఆ పది నిమిషాలూ నాకు బొత్తాలే కనిపించాయి, ఆటలోని ద్వీపం కనిపించలేదు.

బొత్తాం మేలన్న సంగతి ఆటల కంపెనీలే ఒప్పుకున్నాయి కూడా. 2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌లో కంట్రోలర్ తగిలించుకుని ఆడేవాళ్ళని విడిగా, వాళ్ళలో వాళ్ళకే పోటీ పెడతారు. వేలితో ఆడేవాడు నష్టపోకూడదని. ఫోను పై అంచుకి క్లిప్పులా బిగించే ప్లాస్టిక్ ట్రిగ్గర్లు కూడా దొరుకుతున్నాయి. నొక్కితే అవి అద్దాన్ని తాకుతాయి, అంతే. అయినా వేలికి ఆనుకోవడానికి ఓ చోటు దొరుకుతుంది.

ఇక స్పర్శ. మా పల్నాటి కథలో బాలచంద్రుడు బొంగరాలాట ఆడుతుంటేనే కదా కథ మలుపు తిరిగింది. బొంగరం ఆడినవాళ్ళకి తెలుసు, జాలి బిగించి చుట్టి విసిరి లాగిన క్షణంలో అది తిరుగుతుందో పడుతుందో నేల తాకకముందే వేలికి తెలిసిపోతుంది. దారం చెబుతుంది. కంట్రోలర్లు ఈ కబురు పంపడం 1997 నుంచీ నేర్చుకుంటున్నాయి. ఆ ఏడే నింటెండో రంబుల్ ప్యాక్, సోనీ డ్యుయల్‌షాక్ వచ్చాయి. 2020లో వచ్చిన డ్యుయల్‌సెన్స్‌లో ట్రిగ్గరు విల్లు నారిలా ఎదురుతిరుగుతుంది. ఫోనైతే మొత్తం ఒకేసారి జుయ్యిమంటుంది. ఏ వేలి కింద ఏం జరిగిందో చెప్పలేదు. ఖరీదైన ఫోన్లలో ఈ అదురు సన్నగా, కచ్చితంగా ఉంటుంది గానీ మా ఊళ్ళో ఎక్కువమంది చేతుల్లో ఉన్న ఫోన్లు ఆ తరగతివి కావు. చాలామంది బ్యాటరీ కోసం దాన్ని ఆపేస్తారు కూడా.

అసలు మా పల్నాడులో ఈ చర్చ కంట్రోలరా, అద్దమా అని మొదలవ్వదు. కంట్రోలర్ ఉన్న ఇల్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నది ఫోనే. అదే టీవీ, అదే మిరప ధర చూసే బోర్డు, అదే డబ్బు పంపే సంచి. లీనతకి ఇక్కడ అడ్డుపడేవి పరిశోధనశాలలో పెద్దగా కనపడవు. రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో మధ్యాహ్నం ఫోను వేడెక్కితే తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది, వెలుగు తగ్గిస్తుంది. బొమ్మలు ఆగి ఆగి కదులుతాయి. దానికి చెమట తోడు. ఈ తెరలు వేలు తాకినప్పుడు అద్దం మీది విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పుని పసిగట్టి పనిచేస్తాయి. ఉప్పునీటి చుక్క అద్దం మీద పడితే అది కూడా వేలే అనుకుంటాయి. తాకని చోట తాకినట్టు ఆట ఎటో పోతుంది. పౌడరు డబ్బా ఇందుకు కూడా. బొత్తానికి ఎండా చెమటా పట్టవు.

ఎండకాలం పోయాక కూడా మిగిలే ఇబ్బంది ఒకటుంది, అది ఎవరూ రాయగా నేను చూడలేదు. మా బావగారికి లూడో కింగ్ ఇష్టం. హైదరాబాదులో ఉన్న కూతురితో రాత్రిపూట ఆడతారు. పులి-మేక ఆటలో ఆయన్ని మా వీధిలో ఎవరూ కొట్టలేకపోయేవాళ్ళు. రావిచెట్టు అరుగు మీద గీసిన గళ్ళలో చింతగింజలు జరుపుతూ పొద్దు గూకడం కూడా మరచిపోయేవారు. లూడోలో మాత్రం ఆయన పాచిక మీద వేలు పెడితే అది కదలదు. మళ్ళీ పెడతారు. గట్టిగా నొక్కుతారు. నలభై ఏళ్ళు పార పట్టిన చెయ్యి, పత్తి తీసిన చెయ్యి. బొటనవేలి కొస కాయకట్టి, ఎండి, బీటలు వారి ఉంది. ఎండిన మందపు చర్మాన్ని అద్దం సరిగా గుర్తించదు. గట్టిగా నొక్కి లాభం లేదు, అద్దానికి బలం తెలియదు. అవతల కూతురు “నాన్నా, నీ వంతు” అంటుంటుంది. ఆయన వేలు నోటితో తడుపుకుని, పంచెకి తుడిచి, మళ్ళీ పెడతారు. ఆరు పడి కాయ బయటికి వస్తే పిల్లాడిలా నవ్వుతారు. వంతు మళ్ళీ వచ్చేసరికి వేలు ఎండిపోతుంది.

నోకియా 1100 ఆయన దగ్గర ఇంకా ఉంది, అటక మీద. పాము ఆట దాంట్లో బాగానే ఆడేవారు. ఆ రబ్బరు మీటకి చెయ్యి ఎలాంటిదైనా ఒకటే. ఆటలు చేసేవాళ్ళు వేలితో ఆడే ఆటలు ఇంకా ఎన్నో కనిపెట్టాలని నేను కోరుకుంటాను, అద్దం మీద బొత్తాలు గీయడం మానాలని కోరుకుంటాను. కానీ తెరలు చేసేవాళ్ళని కోరాల్సింది వేరే ఉంది. వాళ్ళ కొలతల్లో ఉన్న వేలు మెత్తని వేలు. మిరపకాయలు ఏరిన వేలు, పత్తి తీసిన వేలు కూడా ఒకసారి కొలిచి చూడాలి.

మొన్న రాత్రి మా మేనల్లుడు వాళ్ళ నాన్న ఫోను సెట్టింగుల్లో తెర స్పర్శని పెంచే మీట వెతికి నొక్కాడు. పైన గట్టి అద్దం అంటించుకున్నవాళ్ళ కోసం పెట్టిన మీట అది. అంతకుముందు మూడుసార్లకి ఒకసారి తప్పేది ఇప్పుడు ఆరుసార్లకి ఒకసారి తప్పుతోంది. బావగారు ఆ రాత్రి పదకొండు దాకా ఆడారు. అక్క పిలిచింది, వినిపించుకోలేదు.